తూటా దిగిన మెదడుకి ఎనర్జీ డ్రింకు

న్యూరోసర్జన్ల చదువంతా దండగని తేలిపోయింది. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎంఎస్ మూడేళ్లు, ఎంసీహెచ్ మరో మూడేళ్లు. ఇంత చదివి వాళ్లు ఆపరేషన్ థియేటర్లో గంటల తరబడి చేసే పనిని విశాఖ ఎంవీపీ కాలనీ కుర్రాడు బీజీఎంఐలో (పబ్జీ పేరు మార్చుకుని వచ్చిన ఫోను తుపాకుల ఆట) పది సెకన్లలో కానిచ్చేస్తున్నాడు.

చికిత్సా విధానం ఇది. తలలో తూటా దిగుతుంది. మనిషి 'నాక్' అవుతాడు, అంటే మోకాళ్ల మీద పాకుతాడు. ఆ పాకుడులో తడబాటు ఉండదు, అనుకున్న గోడ చాటుకే తిన్నగా పోతాడు. "ఒరేయ్, బేగి రివైవ్ ఇచ్చీరా" అని మైకులో అక్షరం పొల్లుపోకుండా పిలుస్తాడు. స్నేహితుడొచ్చి పక్కన కూర్చుని పది సెకన్లు చేతులాడిస్తాడు. పేషెంటు లేస్తాడు. ప్రాణం పదో వంతే ఉంటుంది కాబట్టి ఫస్ట్ ఎయిడ్ కిట్ వాడాలి. ఆరు సెకన్లలో అది ప్రాణాన్ని నూటికి 75 దాకా తెస్తుంది, అంతకు మించి తేదు. పైన పాతిక్కి ఎనర్జీ డ్రింకు. పుర్రె లోపలున్న తూటా ఏమైందని అడగకండి, లూట్‌లో, అంటే ఆటలో ఏరుకునే సామాన్లలో కలిసిపోయి ఉంటుంది. 2021 జూలైలో ఆట మన దేశానికి తిరిగొచ్చినప్పుడు నెత్తురుని కూడా ఆకుపచ్చ చేసి పంపారు. పచ్చటి చెట్టుకి గాటు పడితే మాను చిగురించదా, మనిషి చిగురించడా?

హెల్మెట్ల లెక్కలు మరీ శాస్త్రీయం. లెవెల్ వన్ తల దెబ్బని 30 శాతం తగ్గిస్తుంది, లెవెల్ టూ 40, లెవెల్ త్రీ 55. కార్ 98 రైఫిల్ తూటా లెవెల్ టూని దాటి పడగొడుతుంది, ఏడబ్ల్యూఎం రైఫిల్ అయితే లెవెల్ త్రీని కూడా లెక్కచేయదు. ఈ అంకెలు నిద్రలో లేపి అడిగినా చెప్పే వీరుడే మద్దిలపాలెం కూడలిలో హెల్మెట్‌ని మోచేతికి తగిలించుకుని హైవే ఎక్కుతాడు. పెద్దవాళ్లు వెనకటికి "నీ మెదడు మోకాల్లో ఉందిరా" అని తిట్టేవారు. విశాఖలో అది కొంచెం పైకి జరిగినట్టుంది. మోటారు వాహనాల చట్టం 194డి సెక్షన్ మాత్రం ఇంకా పాత శరీరశాస్త్రాన్నే నమ్ముకుని, తల మీద హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు అంటోంది. ఆటలో లెవెల్ త్రీ హెల్మెట్ 230 పాయింట్ల దెబ్బలు తినేదాకా మళ్లీ మళ్లీ పనిచేస్తుంది. ఐఎస్ఐ ముద్ర ఉన్న అసలు హెల్మెట్ లోపల ఉండేది థర్మోకోల్ లాంటి నురగ. అది ఒకసారి నలిగి దెబ్బని మింగేస్తే మళ్లీ ఉబ్బదు, పైన పెంకు నిగనిగలాడుతున్నా సరే. ఒక్క దెబ్బకే పారేయాల్సిన సరుకు! కొనేవాడికి గిట్టుబాటు కాదు కదా.

ఈ వైద్యానికి పాత ఘనత కూడా ఉంది. 2010లో వచ్చిన 'ఫాల్‌అవుట్: న్యూ వెగాస్' ఆటలో కథానాయకుడి తలలో తూటాలు దించి గోతిలో పూడ్చేస్తారు. కళ్లు తెరిచేసరికి డాక్టర్ మిచెల్ ఎదురుగా కూర్చుని ఉంటాడు. తూటాలు తీసేశాడు, ఇక పరీక్ష మొదలు: ఒక యంత్రం ముందు నిలబెట్టి, నీకు తెలివి ఎంత కావాలో నువ్వే పెట్టుకో అంటాడు. ఒకటి నుంచి పది దాకా. తలలో తూటా దిగాక తెలివితేటల్ని పదికి పెంచుకునే సౌకర్యం లోకంలో ఇంకెక్కడుంది? మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ స్పృహని కొలవడానికి 1974 నాటి గ్లాస్గో స్కేలే. కళ్లు తెరవడానికి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15 మార్కులు. ఎనిమిదీ అంతకంటే తక్కువా అయితే తీవ్రమైన గాయం. సున్నా రాదు, కనీసం మూడు ఖాయం. డాల్ఫిన్స్ నోస్ కొండకి పరీక్ష పెట్టినా మూడు వేయాల్సిందే. ఇంత ఉదారంగా మార్కులేసే పద్ధతిలో కూడా పేషెంటుని నీకెన్ని కావాలని మాత్రం అడగరు.

యువతని పాడుచేసే ఆటలు లేకపోలేదు. 'రిమ్‌వరల్డ్' అలాంటిది. అందులో మెదడుకి పది పాయింట్లే, అక్కడ గాయమైతే మచ్చ ఉండిపోతుంది. మంచం మీద ఎన్నాళ్లు పడుకోబెట్టినా పోదు. స్పృహ శాతం తగ్గుతుంది, దాంతో పాటే నడక, చేతిపని, మాట అన్నీ మందగిస్తాయి. స్పృహ 30 కంటే పడిపోతే మనిషే పడిపోతాడు. మచ్చని మాన్పే సీరమ్ ఒకటుంది, కానీ అది అంత సులువుగా దొరకదు. లేదంటే లూసిఫెరియం అనే మందు: మచ్చని మెల్లగా మాన్పుతుంది, కానీ జీవితాంతం వేసుకోవాలి, ఆపితే పిచ్చెక్కి చస్తాడు. ఆడుకునే పిల్లలకి ఇలాంటివి చూపిస్తారా?

'స్పేస్ స్టేషన్ 13' ఆట వాళ్లు సగం దారిలో ఆగారు. అక్కడ మెదడు దెబ్బకి మానిటాల్ ఇస్తారు. పంచదార, నీళ్లు, హైడ్రోజన్ సమపాళ్లలో కలిపితే తయారు. శ్రీరామనవమి పానకంలో మిరియాల బదులు హైడ్రోజన్ వేసినట్టన్నమాట. చిక్కేమిటంటే మానిటాల్ నిజంగానే మందు. మెదడు వాచినప్పుడు 20 శాతం ద్రావణాన్ని నరంలోకి ఎక్కిస్తారు, అది వాపులోని నీటిని రక్తంలోకి లాగి మూత్రంలో పంపేస్తుంది. చలికి సీసాలో స్ఫటికాలు కడుతుంది, అందుకే నర్సు దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, పలుకులు కనిపిస్తే వేడి నీళ్లలో పెట్టి కరిగించాకే ఎక్కిస్తుంది. పైగా అది ఒత్తిడిని తగ్గిస్తుందే తప్ప చచ్చిన కణాన్ని లేపదు. ఈ సంగతి ఆటలో రాయనందుకు వాళ్లకి కృతజ్ఞతలు.

రేపు రుషికొండ ఐటీ హిల్ మీద ఎవరైనా ఉన్నదున్నట్టు ఆట తయారుచేస్తామని బయల్దేరితే వెంటనే ఆపించాలి. ఎందుకో వివరంగా చెబుతాం. మెదడులో కుడి పెరైటల్ భాగం (నడినెత్తి కిందది) దెబ్బతింటే ఎడమ సగం ప్రపంచం లెక్కలోంచి పోతుంది. అది నల్లగా కనిపించడం కాదు, లేదన్న సంగతే తెలియదు. నిజం రోగులు కంచంలో ఎడమవైపు ఇడ్లీలు వదిలేసి, చాలలేదని అడుగుతారు. ఆటలో అయితే ఎడమ నుంచి వచ్చే శత్రువుని బొమ్మే గీయకూడదు, హెచ్చరికా ఇవ్వకూడదు. ఎడమ ఫ్రాంటల్‌లో (నుదుటి వెనక భాగంలో) మాట పలికించే బ్రోకా ప్రాంతం పోతే అంతా అర్థమవుతూనే ఉంటుంది, మాట మాత్రం రాదు. "రెండో అంతస్తు కిటికీలో ఉన్నాడు" అనాల్సిన చోట "కిటికీ... ఆ... అది... కిటికీ" అంటాడు, ఈలోగా స్క్వాడ్ మొత్తం పోతుంది. ఫ్రాంటల్ ముందు భాగం దెబ్బతింటే అదుపు తప్పి అయినదానికీ కానిదానికీ బూతులు తిడతాడు. ఈ లక్షణాన్ని మైకులో ఎవరూ గుర్తుపట్టరు కాబట్టి దాన్ని ఉంచేయొచ్చు.

జ్ఞాపకం సంగతికొస్తే, పేరూ ఊరూ మరిచిపోయే సినిమా రోగం అరుదు. మామూలుగా పోయేది దెబ్బ తగిలిన ఆ కాస్త సమయమూ, ఆ తర్వాత కొన్ని గంటలో రోజులో. ఆటలో అలాంటివాడు మిషన్ (అప్పగించిన పని) ఒప్పుకుంటాడు, తలుపు దాటేసరికి మళ్లీ వెనక్కొచ్చి అడుగుతాడు. రెండో దెబ్బ తగిలితే అన్నీ గుర్తొస్తాయని ఎవరైనా అంటే, వచ్చేది జ్ఞాపకం కాదు, మరింత వాపు.

అన్నిటికంటే దారుణం కణత దెబ్బ. అక్కడ ఎముక పలచన, దాని వెనకే ఒక ధమని. ఎముక చిట్లి ధమని తెగితే నెత్తురు ఎముకకీ మెదడు పైపొరకీ మధ్య కాస్తకాస్తగా చేరుతుంది. మనిషి లేచి, ప్యాంటు దులుపుకుని, "ఏటీ కాలేదు" అంటాడు. నిజంగానే బాగుంటాడు. గంటో, కొన్ని గంటలో గడిచాక తలనొప్పి, వాంతి, మగత, ఒక కంటిపాప రెండోదాని కంటే పెద్దదవడం. ఆ లోపు స్కాన్ తీసి, పుర్రె తెరిచి గడ్డ తీసేస్తే చాలామంది కోలుకుంటారు. పడుకుంటే తగ్గిపోతుందని పడుకోబెడితే లేవరు. దీన్ని ఆటలో పెట్టారనుకోండి, మర్నాడే ఫిర్యాదులు మొదలవుతాయి: "సార్, హెల్త్ వంద ఉంది. సేఫ్ జోన్‌లోనే ఉన్నాను. చుట్టూ ఎవరూ లేరు, ఎవరూ కాల్చలేదు. హనుమంతవాక దగ్గర బండి మీంచి పడి రెండు గంటలైంది, అప్పుడే రివైవ్ అయిపోయాను. ఇప్పుడు ఊరికే టీ తాగుతుంటే క్యారెక్టర్ పడిపోయింది. బగ్ ఉంది, బేగి సరిచేయండి."