నూరు దగ్గర ఆగితే లెక్క మునిగినట్టే

"100 లోపు ప్రధాన సంఖ్యలు 25 బట్టీ కొడితే చాలు, ఏ సంఖ్యనైనా ప్రధాన కారణాంకాలుగా విడగొట్టొచ్చు." హన్మకొండలో పోటీ పరీక్షల పోరగాళ్ల నోట్సుల్లో ఇంకా ఇదే సూత్రం. 10,201 కంటే చిన్న సంఖ్యలకైతే నిజమే, ఎందుకంటే 101 × 101 అంత. ఆ షరతు మాత్రం ఎవరూ రాయరు, అదేందో మరి!

ఎన్‌ఐటీ వరంగల్ పిన్ కోడ్‌నే తీసుకోండి: 506004. చివరి రెండంకెలు 04, నాలుగుతో పోతుంది: 126501. అంకెల మొత్తం 15, మూడుతో పోతుంది: 42167. 7, 11, 13లకు విడివిడిగా భాగహారాలు వద్దు. ఆ మూడింటి లబ్ధం 1001 కాబట్టి చివరి మూడంకెల్లోంచి ముందున్నవి తీసేయండి: 167 − 42 = 125. ఇది మూడింటిలో దేనితోనూ పోదు, కాబట్టి 42167 కూడా పోదు. 17 నుంచి 97 దాకా కూడా ఏదీ పట్టదు. అక్కడ పెన్ను కింద పెట్టి "42167 ప్రధాన సంఖ్య" అని రాసేస్తారు. కానే కాదు, అది 149 × 283.

ఆగాల్సింది మిగిలిన సంఖ్య వర్గమూలం దగ్గర. కారణాంకాలు రెండూ దానికన్నా పెద్దవైతే లబ్ధం సంఖ్యను దాటిపోతుంది కదా. 205² = 42025, 206² = 42436, అంటే 199 వరకు చూడాల్సిందే. మొదటి సంఖ్యకే వర్గమూలం కట్టుకొని 711 దాకా పోయేవాళ్లూ ఉన్నారు, అది ఉత్త దండగ. భాగించిన ప్రతిసారీ హద్దు తగ్గుతుంది.

17తో మొదలుపెడితే 149 తగిలేది 29వ భాగహారంలో. అంత ఓపిక లేనివాళ్లకు ఫెర్మా పద్ధతి: సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాస్తే, ఆ వర్గమూలాల తేడా, మొత్తమే దాని కారణాంకాలు. 206² లోంచి 42167 తీసేస్తే 269, పూర్ణవర్గం కాదు. ఆ తర్వాత మళ్లీ వర్గాలు కట్టొద్దు; పక్కపక్క వర్గాల తేడాలైన 413, 415, 417 ఇలా కలుపుతూ పోతే 682, 1097, 1514 వస్తాయి. 2, 3, 7, 8తో ముగిసేవి చూడకుండానే కొట్టేయొచ్చు. 216 దగ్గర 4489, అంటే 67². ఇక 216 − 67 = 149, 216 + 67 = 283. మొత్తం 11 మెట్లు, గంతే.

అన్నింటికీ ఇదే మందు అనుకోవద్దు. వరంగల్ 506002లో 2, 7 పోతే 36143 మిగులుతుంది, అంటే 47 × 769. కారణాంకాల మధ్య ఇంత ఎడం ఉంటే ఫెర్మా పద్ధతికి 218 మెట్లు. మామూలు భాగహారం 47 దగ్గరే పట్టేస్తుంది. ముందు చిన్న ప్రధానాలు, అవి అయిపోయాకే ఫెర్మా.

తప్పు అక్కడితో ఆగితే బాగుండు. 506004 = 2² × 3 × 149 × 283. ఘాతాంకాలకు ఒక్కోటి కలిపి గుణిస్తే భాజకాలు 3 × 2 × 2 × 2 = 24. 42167ను ప్రధానమనుకున్నోనికి 12 వస్తాయి. భాజకాల మొత్తం 7 × 4 × 150 × 284 = 11,92,800; అతనికి 11,80,704. ఆ 12ను ఆప్షన్లలో పెట్టకుండా ఏ పేపర్ సెట్టరూ ఊరుకోడు.