సవరణ: న్యూజెర్సీ గంజాయి పోస్టులో నేను రాసిన రెండు తప్పులు

మొన్న న్యూజెర్సీలో గంజాయి గురించి రాస్తూ, 2020 నవంబర్‌లో జనం ఓటేసి ఒప్పుకున్నారు కాబట్టి అప్పటినుంచే షాపుల్లో అమ్ముతున్నారని రాశాను. అది తప్పు. 21 ఏళ్లు నిండినవాళ్లకి సరదాకి కొనుక్కునే అమ్మకాలు మొదలైంది 2022 ఏప్రిల్ 21న.

రెండోది ఇంకా పెద్ద తప్పు. "రాష్ట్రంలో లీగల్, వీసా మీద ఉన్నవాళ్లకీ టెన్షన్ లేదు" అన్నాను. దయచేసి ఆ మాట నమ్మకండి. ఇమిగ్రేషన్ చూసేది రాష్ట్రం కాదు, ఫెడరల్ (అమెరికా కేంద్ర) ప్రభుత్వం, వాళ్ల చట్టంలో సరదాకి తాగేందుకు గంజాయి దగ్గర పెట్టుకోవడం ఇప్పటికీ నేరమే. అందుకే అరెస్టు కాకపోయినా, కేసు లేకపోయినా, న్యూజెర్సీ షాపులో బిల్లు కట్టి కొన్నదే అయినా, గ్రీన్‌కార్డ్ కోసం చేసే మెడికల్ పరీక్షలో డాక్టర్ డ్రగ్స్ గురించి అడిగినప్పుడు "అప్పుడప్పుడూ" అని నవ్వుతూ చెప్పిన ఒక్క ముక్క ఫైలుకి అడ్డం పడొచ్చు. అలాగని అబద్ధం చెప్పమనడం లేదు, అది ఇంకో తలనొప్పి. లైసెన్స్ ఉన్న గంజాయి షాపులో ఉద్యోగం చేసినా సిటిజన్‌షిప్ దగ్గర ఇబ్బందే, 2019లో ఇమిగ్రేషన్ వాళ్లే ఆ సంగతి రాసిపెట్టారు.

ఇంట్లో కుండీలో మొక్క పెంచొచ్చా అని కామెంట్లలో అడిగారు కదా, న్యూజెర్సీలో కుదరదు.