కొండ కూలినా రిపోర్టు కూలదు

కొండ ప్రాంతాల్లో ఏ కట్టడం ఎక్కువ కాలం నిలబడుతుందా అని ఇంజనీర్లు ఊరికే బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు గానీ జవాబు ఎప్పుడో తేలిపోయింది, రిపోర్టు. ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్‌నే చూడండి, 1976లోనే మిశ్రా కమిటీ వెళ్లి చూసి, బాబూ ఈ ఊరు గట్టి రాయి మీద లేదు, ఎప్పుడో విరిగిపడిన చరియల మట్టీ రాళ్ల కుప్ప మీద ఉంది, బండల్ని పేల్చకండి, తవ్వకండి, చెట్లు నాటండి, ఏదైనా పెద్దది కట్టేముందు నేల ఎలా ఉందో చూసుకోండి అని రాసిచ్చింది. తర్వాత హోటళ్లు లేచాయి, రోడ్లు వెడల్పయ్యాయి, ఆ చుట్టుపక్కలే కరెంటు ప్రాజెక్టుకి సొరంగం కూడా తవ్వారు, 2023 జనవరికి వందల ఇళ్లు బీటలిచ్చాయి. రిపోర్టుకి మాత్రం 47 ఏళ్లలో చిన్న గీత కూడా పడలేదు (వాడితే కదా అరగడానికి).

అప్పుడు హైదరాబాద్‌లోని ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్నారెస్సీ) ఉపగ్రహ చిత్రాలు చూసి 12 రోజుల్లో నేల 5.4 సెంటీమీటర్లు కుంగిందని లెక్క చెప్పింది. వెంటనే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ రంగంలోకి దిగి, దీని గురించి ప్రభుత్వ సంస్థలేవీ మీడియాతో మాట్లాడొద్దంది, ఆ రిపోర్టు వెబ్‌సైట్‌లోంచి మాయమైంది. నేల కుంగడం మన చేతిలో లేదు, వార్త ఉంది, చేతనైన పని ముందు చెయ్యాలి కదా, ఇందులో నవ్వడానికేం లేదు.

స్విట్జర్లాండ్ వాళ్లకి ఈపాటి నిదానం కూడా లేదు. 2025 మేలో బ్లాటెన్ అనే ఊరి పైన కొండ కదులుతోందని కొలిచినవాళ్లు చెప్పారో లేదో, దాదాపు 300 మందిని, ఆవులతో సహా, ఊరు ఖాళీ చేయించేశారు, మే 28న హిమానీనదం విరిగిపడి ఊరు చాలావరకు పూడిపోయింది. ఇలా చెప్పింది చెప్పినట్టు చేసేస్తే ఇక కమిటీలు, వాటి మీద సబ్ కమిటీలు ఏం తిని బతకాలి?

ఇక జీవనోపాధి. కొండచరియల మీద ఏ రిపోర్టు తిరగేసినా చివరి పేజీల్లో ఊరివాళ్ల బతుకుతెరువుకని తేనెటీగలు, పుట్టగొడుగులు, హోమ్‌స్టేలు ఉంటాయి. పొలం జారిపోతోంది, ఊట ఎండిపోతోంది అని ఊరివాళ్లు మొత్తుకుంటుంటే సర్వే చేసేవాళ్లు 'పర్యావరణంపై అవగాహన: ఉంది, కొంత, లేదు'లో ఎక్కడ టిక్కు పెట్టాలా అని చూస్తుంటారు.

జోషీమఠ్ దగ్గరి రేణి ఊరికి ఆ టిక్కు ఏ గడిలో పెడతారో మరి. 1974లో గౌరాదేవి వెంట ఆ ఊరి ఆడవాళ్లే చెట్లని నరకనివ్వకుండా అడ్డం నిలబడ్డారు, చెట్లని కాపాడే చిప్కో ఉద్యమం అంటే ప్రపంచానికి గుర్తొచ్చేది వాళ్లే. ఆ ఊరి పక్కనే రిషిగంగ నది మీద కరెంటు ప్రాజెక్టు వచ్చింది, 2021 ఫిబ్రవరి 7న పైనుంచి రాయీ మంచూ విరిగిపడి వరదొచ్చి దాన్ని ఊడ్చేసింది, ఆ లోయలో 200 మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. అదే ఏడాది రేణి వాళ్లు మరికొందరితో కలిసి ఈ ప్రాజెక్టులొద్దని హైకోర్టుకి వెళ్తే, మీరు సామాజిక కార్యకర్తలని రుజువేది అని అడిగి, పిటిషన్ కొట్టేసి, తలా 10,000 రూపాయలు కట్టమన్నారు. పుట్టగొడుగులు బాగా కాస్తే ఒక సీజన్‌లో తీరిపోతుంది లెండి, ట్రైనింగ్ ఎలాగూ ఫ్రీ.