క్రిములపై నా దండయాత్ర

మా అబ్బాయికి వాంతులు, విరేచనాలు తగ్గుముఖం పట్టిన రోజే మా ఆవిడ ఆఫీసు పని మీద రెండు రోజులు వేరే ఊరు వెళ్ళవలసి వచ్చింది. గుమ్మంలో నిలబడి మూడు మాటలు చెప్పింది. "వాడి దుప్పట్లు, బట్టలు విడిగా ఉతకండి. మెషిన్లో వేసే ముందు దులపకండి. వేశాక సబ్బుతో చేతులు కడుక్కోండి." నేను తల ఊపాను. పెళ్ళయిన పదకొండేళ్ళలో నా తలకు ఈ పనిలో మంచి తర్ఫీదు దొరికింది. చెవులు వినకపోయినా అది ఊగవలసిన చోట ఊగుతుంది.

రాత్రి పిల్లవాడు నిద్రపోయాక, బట్టల మీద క్రిముల గురించి చదవడానికి కూర్చున్నాను. చదవకుండా ఉంటే ఇల్లు బాగుండేది. ఇలాంటి వాంతులకు తరచూ కారణమయ్యే నోరోవైరస్ బట్టల మీద రోజుల తరబడి ఉండగలదట. మామూలు నీళ్ళలో ఉతికితే క్రిములన్నీ చావవట. చాలావరకు సబ్బు పట్టుకు బట్టను వదిలి, నీళ్ళతో పాటు కొట్టుకుపోతాయట. ఈ కొట్టుకుపోవడం నాకు నచ్చలేదు. పిల్లవాణ్ణి మూడు రోజులు ఏడిపించిన శత్రువును కాలువ దాకా సాగనంపి రావడమా?

అలా చదువుతూ చదువుతూ 1847 నాటి వియన్నాలో తేలాను. అక్కడి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవపరీక్షలు చేసి నేరుగా ప్రసూతి వార్డుకు వచ్చే వైద్యుల చేత క్లోరిన్ కలిసిన సున్నపు ద్రావణంతో చేతులు కడిగించాడు. బాలింతల మరణాలు ఒక్కసారిగా తగ్గాయి. పాశ్చర్ ఇంకా క్రిముల జోలికే రాని రోజులవి. నాకు ఒళ్ళు పులకరించింది. అయితే అంత గొప్ప కథలోంచి నేను ఏరుకున్నది ఒకే ఒక్క మాట. క్లోరిన్.

స్నానాల గది అటక మీద ఎప్పుడో మూత తీసి మరచిపోయిన క్లోరిన్ బ్లీచ్ సీసా ఉంది. దాన్ని కిందికి దించాను. తరువాత అనుమానితుల సేకరణ మొదలుపెట్టాను. పిల్లవాడి దుప్పట్లు, బట్టలు ఎలాగూ దోషులే. ఆ దుప్పటి తగిలిన తువ్వాళ్ళు, తువ్వాళ్ళ పక్కన వేలాడే నా తెల్ల చొక్కాలు, చొక్కాల కింద పడి ఉన్న ఎర్ర మేజోడు (రెండోది ఎక్కడుందో నేటికీ తెలియదు), చివరికి మా మామగారు చలికాలంలో వచ్చినప్పుడు కుర్చీకి తగిలించి మరచిపోయిన ఉన్ని స్వెటర్. పాపం, జబ్బు రోజుల్లో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కానీ అది సంఘటనా స్థలంలో ఉంది. నాకు అంత చాలు.

అన్నింటినీ గడ్డం దాకా కావిలించుకుని మోసుకొచ్చాను. జేబుల్లో ఏమైనా ఉందేమోనని ఒక్కొక్కదాన్నీ ఎత్తి పటపటా దులిపాను. ఒక పెన్సిల్ ముక్క రాలింది. ఇంకా ఏమేమి రాలాయో కంటికి కనబడలేదు.

తెల్లవి వేరు, రంగువి వేరు అని మా ఆవిడ పెట్టిన చట్టం ఒకటుంది. క్రిములకు లేని వర్ణభేదం నాకెందుకని అన్నీ ఒకేసారి కుక్కాను. తలుపు పడకపోతే మోకాలితో నెట్టాను. మెషిన్లో బట్టలు దొర్లాలి, పైకెత్తి పడాలి, ఒకదానికొకటి రాసుకోవాలి, అప్పుడే నీళ్ళూ సబ్బూ పోగు పోగులోకీ వెళ్ళి మురికిని వదిలిస్తాయి. నా మెషిన్లో దొర్లడం మాట అటుంచి, ఒక మేజోడు పక్కకు తిరిగి పడుకోవడానికి కూడా చోటు లేదు.

ఇక వేడి. డిటర్జెంటు వేసి 60 డిగ్రీల నీళ్ళలో ఉతికితే చాలావరకు క్రిములు పోతాయని చదివాను. 'చాలావరకు' అనేది యుద్ధంలో వినకూడని మాట. బిరడా తిప్పి 90 దగ్గర పెట్టాను. సబ్బుపొడి రెండింతలు వేశాను. బ్లీచ్ సగం సీసా నేరుగా బట్టల మీద గుమ్మరించాను. నీళ్ళలో కలిపిన తరువాతే వాడాలని సీసా మీద రాసి ఉందట. ఉన్ని మీద వాడకూడదని కూడా ఉందట. ఉంటే మాత్రం, అంత చిన్న అక్షరాలా?

పనిలో పనిగా కాస్త వెనిగర్ కూడా పోద్దామని సీసా చేతిలోకి తీసుకున్నాను. దేవుడి దయ, కళ్ళద్దాలు సర్దుకోవడంలో బ్లీచ్ సీసా మీద ఎర్ర అక్షరాల గీత ఒకటి కనబడింది. ఆమ్లాలతో కలపరాదు. వెనిగర్ ఆమ్లమే. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల మీదికి వదిలింది దాన్నే. వెనిగర్‌ను వంటింట్లోకి తిరిగి పంపించి, కిటికీలన్నీ తెరిచి, కుర్చీలో కూలబడ్డాను. ఆ రాత్రి నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

మెషిన్ నురగ కక్కింది. తుడిచాను. మళ్ళీ కక్కింది. తుడిచి, నిద్రపోయాను. ఉతకడం పూర్తయిందని అది ఎన్నిసార్లు కూత వేసిందో తెలియదు. నేను తలుపు తెరిచేసరికి మర్నాడు మధ్యాహ్నం.

ముందు వాసన వచ్చింది, తరువాత దృశ్యం. తడి బట్టల ముక్కిపోయిన వాసన వెనుక ఏ క్రిమి ఉందో జపాన్ శాస్త్రవేత్తలు 2012లో బయటపెట్టారు. పేరు మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్. పేరు పలకడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, తెల్లారేసరికి కాపురం పెట్టడానికి దానికి ఏ ఇబ్బందీ కలగలేదు. ఇక దృశ్యం. నా తెల్ల చొక్కాలు మేజోడి దయ వల్ల గులాబీ రంగుకు వచ్చాయి. ఆ గులాబీ మీద బ్లీచ్ తగిలిన చోటల్లా తెల్లని మచ్చలు. ఏడాది దాటిన సీసా కదా, అందులో సత్తువ తగ్గిపోయి ఉంటుందని తరువాత తెలిసింది. క్రిములను చంపడానికి చాలని సత్తువ చొక్కాలకు మాత్రం చాలింది.

స్వెటర్ కోసం చాలాసేపు వెతికాను. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి నీళ్ళలో పడేసి కుదిపితే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని బిగుసుకుపోతాయి. ఇక ఎంత సాగదీసినా విడవవు. నేను సాగదీసి మరీ చూశాను. ఒక తువ్వాలు మడతలోంచి దొరికిన స్వెటర్ అరచెయ్యంత ఉంది, అట్టలాగా ఉంది, పసుపు పచ్చగా ఉంది.

సాయంత్రం మా ఆవిడ వచ్చింది. ఏమీ అనలేదు, అదే భయం. మెషిన్ తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీని వేలితో వెనక్కి మడిచి చూపించింది. లోపల నల్లటి జిగురు పేరుకుని ఉంది. క్రిములను చంపడానికి బట్టలను క్రిముల సొంత ఇంటికే పంపానన్నమాట. అప్పుడప్పుడు మెషిన్‌ను ఖాళీగా వేడినీళ్ళతో తిప్పి, పని అయ్యాక తలుపు తీసి ఉంచాలని ఆమె గోడకు చెప్పినట్టు చెప్పింది.

ఆ రాత్రి నాకు వాంతులు మొదలయ్యాయి.

తెల్లవారుజామున గులాబీ దుప్పటి కప్పుకుని పడుకున్న నా తలవైపు కూర్చుని, "ఏమండీ, ఆ వియన్నా డాక్టరు ఉతకమన్నది ఏమిటి?" అని అడిగింది. 

"ఉతకమనలేదు," అన్నాను నీరసంగా. "కడగమన్నాడు. చేతులు."

ఆమె నా మీది దుప్పటిని మెల్లగా మడిచి, దులపకుండా, ఒంటికి తగలకుండా తీసుకెళ్ళింది. కుళాయి శబ్దం చాలాసేపు వినిపించింది.

పదింటికి మామగారు ఫోను చేశారు. "బాబూ, మీరు ఈసారి వచ్చేటప్పుడు నా స్వెటర్ తీసుకురండి. ఉతకడం అదీ పెట్టుకోకండి, శ్రమ మీకు. ఉన్నది ఉన్నట్టుగా తెచ్చేయండి."

"అలాగే మామయ్యగారూ," అన్నాను. ఎదురుగా సోఫాలో మా అబ్బాయి తన ఎలుగుబంటి బొమ్మకు దాన్ని తొడిగి, గుండీలు పెడుతున్నాడు. కొలత పెట్టి కుట్టినట్టుంది.