కాకి, తాటిపండు, ఒక న్యాయమూర్తి

మన హైకోర్టు జడ్జిలను కొలీజియం అనే పెద్ద జడ్జిల బృందం తలుపులు వేసుకుని ఎంపిక చేస్తుంది. మనం అడగం, వాళ్లు చెప్పరు, హాయిగా ఉంది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా జనానికి ఆ హాయి లేదు. అక్కడ అప్పీళ్లు వినే రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి కూడా ఓట్లడిగి గెలవాలి. గెలిస్తే 12 ఏళ్ల ప్రజాసేవ.

2004లో ఆ సేవకు సిద్ధపడ్డారు బ్రెంట్ బెంజమిన్ అనే లాయరు గారు. ఆయన్ని చూసి మురిసిపోయినవారిలో మాసీ బొగ్గు కంపెనీ అధిపతి డాన్ బ్లాంకెన్‌షిప్ ఒకరు. అభ్యర్థి చేతికి వెయ్యి డాలర్లకు మించి ఇవ్వకూడదని అప్పటి చట్టం. చట్టమంటే గౌరవం కాబట్టి సరిగ్గా వెయ్యే ఇచ్చారు. ఇంకో 30 లక్షల దాకా ప్రచారానికీ, 'పిల్లల కోసం' అనే అర్థమొచ్చే పేరున్న ఒక సంఘానికీ వెళ్లాయి. ఆ సంఘం పని ప్రత్యర్థిని ఓడించడం. మన దగ్గరైతే ఇంటికొచ్చి ఓటుకు ఇంతని చేతిలో పెట్టేవారు. పాపం అక్కడి ఓటరుకు టీవీ ప్రకటనలే దక్కాయి.

బెంజమిన్ గెలిచారు. అప్పటికే, హ్యూ కేపర్టన్ అనే చిన్న గని యజమానికి నష్టపరిహారంగా 5 కోట్ల డాలర్లు కట్టాలని జ్యూరీ మాసీకి చెప్పి ఉంది. అప్పీలు చివరికి ఈ కోర్టుకే వచ్చింది. కాకి వాలింది, తాటిపండు పడింది, అంతే. చెట్టుకు నీళ్లు పోసింది కూడా కాకే అనేవాళ్లు గిట్టనివాళ్లు.

"మీరు తప్పుకోండి" అని కేపర్టన్ అడిగారు. ఆ దరఖాస్తు తేల్చాల్సింది ఎవరు? బెంజమిన్ గారే. తన మనసును తానే బోనెక్కించి, అడిగి, పక్షపాతం లేదని తేల్చారు. 2007లో 3–2తో మాసీ గెలిచింది. ఆ ముగ్గురిలో ఇంకో జడ్జి బ్లాంకెన్‌షిప్‌తో ఫ్రాన్స్ సముద్రతీరంలో తిరిగిన ఫొటోలు బయటపడి, పునర్విచారణ నుంచి తప్పుకున్నారు. ఫొటో దిగడమే ఆయన చేసిన తప్పు. మాసీ అధిపతిని బయట విమర్శించిన మరొకరూ తప్పుకున్నారు. బెంజమిన్ గారు మాత్రం కదల్లేదు. తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగా కూర్చుని, ఆ ఖాళీ కుర్చీల్లోకి ఎవరు రావాలో కూడా తానే చూశారు. మళ్లీ 3–2.

2009లో అమెరికా సుప్రీంకోర్టు, ఈయన తప్పుకోవాల్సిందే అంది. పక్షపాతం ఉందని కాదు, ఉండే ప్రమాదం మరీ ఎక్కువని. అదీ 5–4తోనే. ఒప్పుకోని నలుగురి తరఫున ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్, ఎంత డబ్బయితే 'మరీ ఎక్కువ' లాంటివి లెక్కపెట్టి 40 ప్రశ్నలు వేశారు.

కేసు వెనక్కి వెళ్లింది. ఈసారి బెంజమిన్ గారు లేరు. ఒప్పందం ప్రకారం దావా పక్కనున్న వర్జీనియాలో వేయాల్సిందంటూ, అదే ఏడాది నవంబరులో రాష్ట్ర కోర్టు మళ్లీ మాసీకే గెలుపిచ్చింది. పాపం బ్లాంకెన్‌షిప్, 30 లక్షలు ఊరికే పోయాయి.