ఆ కోళ్లగూడు మాదే

కార్తీక వనభోజనాల్లో తంబోలా మధ్యలో మన తెలుగు సంఘం కార్యవర్గ సభ్యులొకరు మైకులో అన్న మాట మీరంతా వినే ఉంటారు. "ఆ కోళ్లగూడు ఎవరిదండీ? మోటర్‌హోమ్‌కి అడ్డంగా ఉంది, కాస్త తీయండి." కారు వెనక తగిలించి లాగే ఆ 13 అడుగుల ఫైబర్‌గ్లాస్ ట్రైలర్ మాదే. అందరూ నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు.

మోటర్‌హోమ్‌ని, అంటే ఇల్లే ఇమిడిన పెద్ద బండిని, తక్కువ చేయను. మోకాళ్ల నొప్పులతో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు బండిలోనే బాత్రూమ్ ఉండటం ఎంతో ఊరట. లాగుతున్న మాలాంటి ట్రైలర్లో మనుషుల్ని కూర్చోబెట్టడానికి మన కాలిఫోర్నియాలో చట్టం ఒప్పుకోదు కూడా. పైగా మాది 30 ఆంపుల కరెంటు కనెక్షన్. ఏసీ, ఇండక్షన్ స్టవ్, రైస్ కుక్కర్ కలిపి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. "ముందు అన్నం, తర్వాతే చల్లగాలి" అని మా అత్తగారు వరస పెట్టేశారు.

అయితే మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కుకి వెళ్లినప్పుడు జరిగింది చెప్పాలి. పార్కు బయట క్యాంపుగ్రౌండ్‌లో మా పక్కన 34 అడుగుల బండిలో ఒక తెలుగు కుటుంబం దిగింది. పెరుగు డబ్బా కోసం ఊళ్లోకి వెళ్లాలన్నా ఆయన కరెంటు తీగ పీకి, మురుగు గొట్టం విప్పి, బయటికి జరిపిన గదుల్ని లోపలికి లాక్కోవాలి. ఇక పార్కులోని గోయింగ్ టు ద సన్ రోడ్డులో లోగన్ పాస్ అనే కనుమ ఎక్కే భాగం మీదికి 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు. మేం ట్రైలర్ విప్పేసి, వాళ్లమ్మగారిని మా కార్లో ఎక్కించుకున్నాం. "ఇంత ఇల్లు తెచ్చాడు నాయనా, గడప దాటలేకపోతున్నాం" అని ఆవిడ దారంతా కొడుకుని తిడుతూనే ఉన్నారు. పైకెళ్లాక మాత్రం మంచుకొండల్ని చూసి వాడికే చూపించడానికి ఫోటోలు తీయమన్నారు.

గృహప్రవేశానికి వెళ్లి ముందు చదరపు అడుగులు అడిగే జాతి మనది. బండి విషయంలో మారతామా? మొన్న వనభోజనాల్లో ఉసిరి చెట్టు దొరక్క కుండీలో కొమ్మ పెట్టి దీపం వెలిగించాం. పక్కనే ఇడ్లీలు వేడిచేస్తున్న జనరేటర్ హోరులో పంతులుగారి మంత్రం ఒక్కటీ వినపడలేదు.

వచ్చే ఏడు రెండు మోటర్‌హోమ్‌లు అద్దెకు తేవాలని ప్రతిపాదన వచ్చిందట. దయచేసి ఒక్కటే తెండి, అదీ పెద్దవాళ్ల కోసం. మిగిలిన డబ్బుతో టెంట్లకూ చిన్న ట్రైలర్లకూ ఇంకొన్ని క్యాంపు సైట్లు ముందే రిజర్వ్ చేయండి. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలూ, చంటిబిడ్డల తల్లులూ వస్తారు. ఆ ఒక్క బండి అద్దెలో మా వాటా మేమూ ఇస్తాం.