ఎవరిచ్చారీ హెచ్చరిక?

పలమనేరు వైపు కొన్ని ప్రైవేటు బళ్లు ఈ వారం పిల్లలకు ఒక రోజు సెలవిచ్చాయి. తల్లిదండ్రుల ఫోన్లకు వచ్చిన మెసేజిలో ఉన్నది ఒకే ముక్క: 'భూకంప హెచ్చరిక దృష్ట్యా రేపు సెలవు.' ఆ హెచ్చరిక ఎవరిచ్చారు? హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఇవ్వలేదు. ఢిల్లీలోని జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం ఇవ్వలేదు. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు నాలుగు నిమిషాల ఆడియో ఒకటి వాట్సాప్‌లో వదిలాడు. రాత్రి రెండు గంటలకు భూమి కంపిస్తుందట, శేషాచలం కింద అగ్నిపర్వతం లేస్తోందట, ఆ దెబ్బకు సముద్రం పొంగి సూళ్లూరుపేట మునుగుతుందట. దాన్ని పట్టుకుని బడి మూసేశారు. ఇదేం పని అని అడగాల్సిన అధికారులు మర్నాడు సాయంత్రం దాకా నోరు మెదపలేదు.

ఆ రాత్రి మా విలేకరి వెళ్లిన పల్లెలో జనమంతా రోడ్డు మీదే ఉన్నారు. టమోటా క్రేట్లు బోర్లించి వాటి మీద చాపలు, బొంతలు పరిచారు. మంచు కురుస్తోంది. ఒక ముసలామె మనవరాలిని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె అన్న మాట ఇది: "మొన్నొకతూరి గిన్నెలు గలగలాడినాయి, గోడ నెర్రె ఇచ్చింది, అప్పుడు బయటికి ఉరికినామంటే అర్థముంది. ఈతూరి ఏమీ కదల్లేదు నాయనా, ఫోన్లో చెప్పినారు. బడోళ్లు కూడా సెలవిచ్చినారు గదా, ఇంక నిజమే అనుకుంటిమి."

బడోళ్లు కూడా సెలవిచ్చినారు. మా కోపమంతా ఈ ఒక్క మాట దగ్గరే.

జనాన్ని తప్పుపట్టం. ఇక్కడి వాళ్ల భయానికి కారణముంది. 2021 నవంబర్ ఎలా గడిచిందో ఎవరూ మరిచిపోలేదు. తిరుపతి వీధుల్లో వరద, రాయలచెరువు కట్ట ఎప్పుడు తెగుతుందోనని కింది పల్లెల్లో టెన్షన్, ఆ నెల 29న తెల్లవారుజామున వేలూరుకు 59 కిలోమీటర్ల దూరంలో 3.6 తీవ్రతతో భూకంపం. తిరుపతి శ్రీకృష్ణ నగర్‌లో ఒక ఇంట్లో శుభ్రం చేస్తున్న నీటి సంపు 18 సిమెంటు వరలతో సహా నేలలోంచి లేచి నిలబడిందీ ఆ నెలలోనే. ఊరంతా వెళ్లి చూసింది. భూమి కింద ఏదో జరుగుతోందని, అరిష్టమని ఎన్ని మాటలు పుట్టాయో. అసలు సంగతి చాలా మామూలుది. రోజుల తరబడి కురిసిన వానకు నేలంతా నీళ్లతో నిండిపోయింది, సంపులో నీళ్లు తోడేసరికి అది ఖాళీ బిందెలా అయింది, ఖాళీ బిందెను నీళ్లలో ముంచి వదిలితే పైకి తన్నుకొస్తుంది కదా, ఇదీ అంతే. తెలిసినవాళ్లు వచ్చి అర్థమయ్యేలా చెబితే జనం వింటారు. ఈసారి చెప్పేవాళ్లే లేరు. పైగా పుకారుకు బడి ముద్ర పడింది.

పిల్లల ప్రాణాల కన్నా ఏదీ ఎక్కువ కాదు, ఒక్క రోజు సెలవిస్తే పోయేదేముంది అని యాజమాన్యాలు అంటున్నాయి. తల్లిదండ్రులే సెలవు అడిగారని కూడా అంటున్నాయి. అయి ఉండొచ్చు. అలాంటప్పుడు 'తల్లిదండ్రులు కోరారు కాబట్టి సెలవు' అని రాయాల్సింది. హెచ్చరిక అని ఎందుకు రాశారు?

పోయేది ఆ మాటకున్న విలువ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక తిరుపతి జిల్లాకు సముద్రం కూడా వచ్చింది. వాకాడు, సూళ్లూరుపేట, తడ ఇప్పుడు మన జిల్లాలోవే. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భూమి కంపించినప్పుడు మనకు ఉదయం ఆరున్నర. ఆ అలలు మన తీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. రెండు గంటలంటే ఊరు ఊరంతా నడిచి మెట్టకు చేరుకునే టైము. కానీ తీరంలోని జనానికి కబురు చెప్పే ఏర్పాటే అప్పట్లో లేదు. మన దేశంలోనే పది వేల మందికి పైగా పోయారు. ఆ చావుల తర్వాతే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబర్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. సముద్రం అడుగున నీటి ఒత్తిడి కొలిచే పరికరాలు, తీరం వెంట నీటి మట్టం కొలిచే గేజ్‌లు, భూకంప కేంద్రాల నుంచి వచ్చే లెక్కలు, ఇవన్నీ రాత్రింబవళ్లు చూస్తూ కూర్చున్న మనుషులు ఉన్నారక్కడ. వాళ్లు పంపేదాన్ని హెచ్చరిక అంటారు. రేపు నిజంగానే అక్కడి నుంచి కబురు వచ్చినప్పుడు, పోయినసారి కూడా ఇట్లే హెచ్చరిక అన్నారు, ఏం జరిగింది అంటూ ఎవరైనా పడవ దగ్గరే ఉండిపోతే బాధ్యత ఎవరిది?

భూకంపం సంగతి వేరు. ఫలానా రోజు, ఫలానా చోట, ఇంత తీవ్రతతో వస్తుందని నమ్మకంగా ముందే చెప్పే పద్ధతి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. ప్రయత్నించలేదని కాదు. చైనాలోని హైచెంగ్‌లో 1975 ఫిబ్రవరిలో చిన్న ప్రకంపనలు వరసగా వస్తుంటే జనాన్ని ఖాళీ చేయించారు, పెద్దది వచ్చింది, చాలామంది బతికారు. ఇక విద్య పట్టుబడిందనుకున్నారు. ఏడాదిన్నర తిరక్కుండానే టాంగ్‌షాన్‌లో ఏ సూచనా లేకుండా వచ్చిన భూకంపం 2 లక్షల 40 వేల మందికి పైగా బలి తీసుకుంది. అమెరికాలో పార్క్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు ఉంది, అక్కడ సుమారు 22 ఏళ్లకోసారి భూకంపం వస్తోందని లెక్క కట్టి, 1993లోపు తప్పక వస్తుందని చెప్పి, నేల నిండా పరికరాలు పాతి ఎదురుచూశారు. 2004 సెప్టెంబర్‌లో వచ్చింది. ఏళ్ల తరబడి అదే పని మీద ఉన్న శాస్త్రవేత్తలు, అన్ని పరికరాలు ఉండి కూడా, పదకొండేళ్లు తప్పారు. మరి వాట్సాప్ ఆడియోవాడికి రాత్రి రెండు గంటలని ఎవరు చెప్పారు?

జపాన్‌లో ముందే చెబుతారు కదా అని కొందరు వాదిస్తున్నారు. అది జోస్యం కాదు. భూమి కంపించడం మొదలయ్యాక తొలి తరంగాలు వేగంగా వస్తాయి, నష్టం చేసే తరంగాలు వాటి వెనక నిదానంగా వస్తాయి. ఆ తేడాలో దొరికే కొన్ని సెకన్లలో రైళ్లు ఆపుతారు, ఫోన్లు మోగిస్తారు. ముందు రోజు బడికి సెలవిచ్చేంత టైము ఎవరికీ దొరకదు.

శేషాచలం కింద అగ్నిపర్వతం అన్న మాటకైతే ఎక్కువ స్థలం ఇవ్వం. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన రాతిలో ఒక గీత కనబడుతుంది, జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించి బోర్డు కూడా పెట్టారు. కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ జాతి రాయి. పైన ఉన్నది, ఇసుక పేరుకుని గట్టిపడ్డ రాయి, సుమారు 160 కోట్ల ఏళ్లది. లేస్తున్న అగ్నిపర్వతం గుర్తులు ఇవి కావు. దేశంలో బతికున్న అగ్నిపర్వతం అండమాన్‌లోని బారెన్ దీవిలో ఉంది. పైగా అగ్నిపర్వతం లేచే ముందు చాలాసార్లు చెప్పే లేస్తుంది: నేల ఉబ్బుతుంది, వాయువులు వస్తాయి, చిన్న ప్రకంపనలు పెరుగుతాయి. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలే ముందు ఆ గుర్తులు చూసే వేలాది మందిని తరలించి బతికించారు. అదీ హెచ్చరికంటే.

సునామీ, తుపాను ఉప్పెన లాంటివి లేకుండా సముద్రం కూడా ఒక్క రాత్రిలో పొంగి ఊరు మింగదు. కానీ మట్టం పెరుగుతున్నది నిజం, కొలిచి చెప్పిన నిజం. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 నుంచి 2018 మధ్య ఏడాదికి 3.7 మిల్లీమీటర్లు. రెండు అగ్గిపుల్లల మందం కూడా ఉండదు, అందుకే ఎవరికీ భయం వేయదు. పులికాట్ లాంటి లోతు తక్కువ సరస్సు పక్కన బతికేవాళ్లకు, తుపాను వచ్చిన రోజు, ఆ మందాలన్నీ కలిసి ఎంతవుతాయో చెప్పడానికి ఏ బడి అయినా ఒక్క పీరియడ్ పెట్టిందా? కొలిచి చెప్పినదానికి పీరియడ్ లేదు, కొలవకుండా చెప్పినదానికి రోజంతా సెలవు.

అధికారులకూ ఒక మాట. మర్నాడు సాయంత్రం తీరిగ్గా 'ప్రజలు భయపడాల్సిన పని లేదు' అని ఒక లైను వదిలారు. దాని వెనక ఏ శాస్త్రవేత్త ఉన్నారు? ఇటలీలో లాక్విలా అనే ఊళ్లో 2009లో నెలల తరబడి చిన్న ప్రకంపనలు వచ్చాయి, ఒకాయన నేలలోంచి వచ్చే రేడాన్ వాయువు కొలిచి భూకంపం వస్తోందని ప్రచారం చేశాడు, ఆ గోల అణచాలని ఒక అధికారి టీవీలో ప్రమాదమేమీ లేదన్నాడు. వారం తిరక్కుండానే, ఏప్రిల్ 6న, 6.3 తీవ్రతతో భూకంపం. 300 మందికి పైగా పోయారు. ఆ అధికారికి, ఆరుగురు శాస్త్రవేత్తలకు 2012లో జైలు శిక్ష వేశారు, శాస్త్రవేత్తల శిక్షను 2014లో పై కోర్టు కొట్టేసింది. వస్తుందని చెప్పినవాడికి ఆధారం లేదు, రాదని చెప్పినవాడికీ లేదు. చెప్పాల్సింది ఒకటే: ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, మీ ఇల్లు ఎలా ఉందో చూసుకోండి.

ఆ ఇంటి గురించే ఎవరూ మాట్లాడరు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలో కిల్లారి దగ్గర వచ్చిన భూకంపం 6.2. మన దగ్గర 2021లో వచ్చిన 3.6తో పోలిస్తే దాని శక్తి సుమారు 8 వేల రెట్లు. దాదాపు పది వేల మంది చనిపోయారు, ఎక్కువ మంది తమ ఇంటి రాతి గోడల కిందే, తమ మట్టి మిద్దెల కిందే. ఆ ప్రాంతం కూడా గట్టి దక్కన్ రాయి, ఇక్కడేం వస్తుందిలే అని అందరూ అనుకున్నదే. పలమనేరు, కుప్పం పల్లెల్లో మట్టితో కట్టిన రాతి గోడలు ఇప్పటికీ ఎన్ని ఉన్నాయో ఊళ్లోకి వెళ్తే కనబడుతుంది. మూలలు కలిపి కట్టారా, తలుపులు, కిటికీల పైన లింటల్ మీద వేసే కాంక్రీటు బెల్టు ఇంటి చుట్టూ తిరిగిందా అన్నది ఒక బేల్దారి పొద్దున్నే వచ్చి గంటలో చూసి చెప్పగలడు. బడి గోడ సంగతి కూడా అంతే. పిల్లల ప్రాణాల మీద అంత ప్రేమ ఉన్న యాజమాన్యాలు ఆ గంట పని చేయించాయా? పిల్లలను చెరువు గట్టుకు తరిమేసే సెలవు కన్నా, బల్ల కింద దూరి తల కాపాడుకోవడం నేర్పే పది నిమిషాలు మేలు కాదా?

ఆడియో పంపినవాడి మీద కేసు పెడతామంటున్నారు, పెట్టండి. కానీ ఆడియోను హెచ్చరికగా మార్చింది వాడు కాదు. ఇవాళ భూకంపమని మూసిన బడి రేపు గ్రహణమని, ఎల్లుండి ఎవడో యూట్యూబ్‌లో అన్నాడని మూయదని హామీ ఏమిటి? ఒక్కసారి అలవాటైతే ఆపేవాడెవరు? పరిశోధన సంస్థ ఇచ్చిన కాగితం లేకుండా ఏ బడీ హెచ్చరిక అన్న మాట వాడకూడదని విద్యాశాఖ ఇవాళే ఉత్తర్వు ఇవ్వాలి. సెలవిచ్చిన బళ్లు సోమవారం గంట కొట్టేలోపు ఆ తల్లిదండ్రుల ఫోన్లకే ఇంకో మెసేజి పంపాలి: ఏ హెచ్చరికా రాలేదు, మేం వాట్సాప్ విని సెలవిచ్చాం, తప్పయింది అని. మనవరాలిని ఒళ్లో పెట్టుకుని రాత్రంతా మంచులో కూర్చున్న ఆ ముసలామె ఇంటికి ముందు పంపండి.